గోడ దాటే పిల్లలు

ఉద్దానం తీరంలో బాలల గృహాల నుంచి, హాస్టళ్ల నుంచి పిల్లలు ఎందుకు వెళ్లిపోతారు? వాళ్లను నిలిపేది ఏది?

సంరక్షణలో ఉన్న పిల్లలు చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడానికి కారణాలు రెండు వైపుల నుంచి వస్తాయి. ఉన్నచోట ఓర్చుకోలేనిదేదో ఉంటుంది, లేదా ఇంకోచోట వదులుకోలేనిదేదో ఉంటుంది. చాలాసార్లు రెండూ ఉంటాయి. దీన్ని క్రమశిక్షణ తప్పడంగా మాత్రమే చూస్తే ఆ రెండూ కంటికి ఆనవు. గోడ ఎత్తు పెంచడం, గేటుకు ఇంకో తాళం వెయ్యడం దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. శ్రీకాకుళం జిల్లా పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతంలో పిల్లవాడు ఎటు వెళ్లాడో తెలిస్తే ఎందుకు వెళ్లాడో సగం తెలిసినట్టే. ఇక్కడ అలాంటి పిల్లల్లో చాలామందికి వెళ్లడానికి ఒక ఇల్లు ఉంది, ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఉన్నారు. లేనిదల్లా వాళ్లను సాకే స్తోమత.

దేశం మొత్తం మీద లెక్క కూడా ఇలాగే ఉంది. బాలల సంరక్షణ సంస్థలపై కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వేసిన కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. 9,589 సంస్థల్లో 3.70 లక్షల మంది పిల్లలున్నట్టు తేల్చింది. వాళ్లలో తల్లో తండ్రో ఒక్కరే మిగిలినవాళ్లు 1.20 లక్షల మంది. తల్లిదండ్రులిద్దరూ లేని అనాథలు 42 వేల లోపే. ‘అనాథాశ్రమం’ అని జనం పిలిచే చోట ఉన్నవాళ్లలో ఎక్కువమంది అనాథలు కారన్నమాట.

ఎవరీ పిల్లలు?

సంరక్షణ అనే మాట కింద ఈ ప్రాంతంలో రెండు రకాల చోట్లు ఉన్నాయి. మొదటివి జువెనైల్ జస్టిస్ చట్టం కింద నమోదైన బాలల గృహాలు, శిశుగృహాలు, స్వచ్ఛంద సంస్థలు నడిపే ఆశ్రమాలు. వీటిలోకి పిల్లలను పంపేది జిల్లా బాలల సంక్షేమ కమిటీ. రెండోవి సాంఘిక సంక్షేమ, బీసీ హాస్టళ్లు, గురుకులాలు, కస్తూర్బా బాలికా విద్యాలయాలు, కొండ ఊళ్ల పిల్లల కోసం పెట్టిన గిరిజన ఆశ్రమ పాఠశాలలు. చట్టం దృష్టిలో ఇవి చదువు కోసం ఉన్నవి. కానీ ఇంట్లో వండిపెట్టే మనిషి లేక హాస్టల్‌లో చేరిన పిల్లకు ఆ హాస్టలే సంరక్షణ, వార్డెనే పెద్దదిక్కు.

పిల్లలు ఇక్కడిదాకా రావడానికి దారులు స్థానికమైనవి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తోంది. జబ్బు ముదిరితే వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ తప్పదు. ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. రోగి వెంట ఇంకొకరు ఉండాలి. కూలికి వెళ్లే ఇద్దరిలో ఒకరు మంచం మీద, ఇంకొకరు ఆసుపత్రి వరండాలో ఉంటే ఇల్లు గడవదు, పిల్లల సంగతి చూసేవాళ్లూ ఉండరు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీటి పథకమూ వచ్చింది. వైద్యం దగ్గరైంది. ఇంటిపట్టున ఉండి పిల్లల్ని చూసుకునే మనిషి లేని లోటు మాత్రం వైద్యంతో తీరేది కాదు. ఇంటి పెద్ద పోతే భార్య కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పనికి కుదురుతుంది, లేదా మేస్త్రీ వెంట చెన్నై వెళ్తుంది. పిల్లలు అమ్మమ్మ దగ్గర కొన్నాళ్లు ఉంటారు. ఆమెకు చేతకాని రోజు హాస్టల్ దరఖాస్తు నింపుతారు.

రెండో దారి వలస. తీరంలోని ఊళ్ల మగవాళ్లు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా, ఇటు చెన్నై, పారాదీప్ దాకా పోతారు. గట్టు మీది ఊళ్లవాళ్లు హైదరాబాద్‌లో, చెన్నైలో కట్టడం పనికి వెళ్తారు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కూలిన భవనం కింద నలిగిపోయినవారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు ఎందరో ఉన్నారు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటలను పడగొట్టింది. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఇంటిల్లిపాదీ ఊరు వదలక తప్పని కుటుంబాలకు పిల్లల్ని ఉంచే చోటు హాస్టలే.

వెళ్లేది ఎక్కడికి?

వెళ్లిపోయే పిల్లలను నాలుగు రకాలుగా చూడవచ్చు. ఇంటికి వెళ్లేవాళ్లు మొదటి రకం. వీళ్లు పారిపోతున్నామని కూడా అనుకోరు, అమ్మ దగ్గరికి వెళ్తున్నామనుకుంటారు. ఉన్నచోటి బాధ నుంచి తప్పించుకునేవాళ్లు రెండో రకం. వీళ్లకు ఎటు వెళ్తున్నారన్నది ముఖ్యం కాదు, బయటపడటమే ముఖ్యం. పని కోసమో, స్నేహం కోసమో, ప్రేమ కోసమో వెళ్లేవాళ్లు మూడో రకం. పద్నాలుగు పదిహేనేళ్లు దాటిన వాళ్లు ఇందులో ఎక్కువ. ఎవరో రమ్మంటే వెళ్లేవాళ్లు నాలుగో రకం. వీళ్ల పేరు పారిపోయినవాళ్ల జాబితాలో ఉన్నా, నిజానికి వీళ్లను తీసుకుపోయారు.

ఒక్కో రకానికి మందు వేరు. మొదటి రకానికి ఇంటితో సంబంధం కావాలి. రెండో రకానికి బాధపెట్టినవాడి మీద చర్య కావాలి. మూడో రకానికి కబురు చెప్పుకునే పెద్దవాళ్లు, చేతికో పని కావాలి. నాలుగో రకానికి పోలీసు దర్యాప్తు కావాలి. అందరికీ కలిపి ఒకే శిక్ష వేస్తే మొదటి రకం పిల్లవాడు రెండో రకంలోకి మారతాడు.

అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన చాపిన్ హాల్ కేంద్రం 2005లో ఈ విషయంపై పెద్ద అధ్యయనం వెలువరించింది. సంరక్షణ నుంచి వెళ్లిపోయే పిల్లలు ఎక్కువగా కన్నవారి దగ్గరికో, స్నేహితుల దగ్గరికో చేరుతున్నారని, ఒక చోటు నుంచి ఇంకో చోటికి మార్చిన కొద్దీ వెళ్లిపోయే అవకాశం పెరుగుతోందని అందులో తేలింది. తోబుట్టువులు ఒకే చోట ఉంటే ఆ అవకాశం తగ్గింది. దేశం వేరైనా పిల్లల మనసు తీరు ఇక్కడికీ అన్వయిస్తుంది.

ఏ రోజుల్లో?

హాస్టల్ నుంచి వెళ్లడానికి ఒక క్యాలెండర్ ఉంటుంది. జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారాలు అన్నిటికంటే కష్టమైనవి. కొత్త చోటు, కొత్త పడక, రాత్రి దీపం ఆర్పాక వచ్చే ఏడుపు. ఆ వారాలు గడిస్తే చాలామంది కుదురుకుంటారు. ఆగస్టులో వెరావల్ వేట మొదలయ్యేసరికి తండ్రి వెళ్లిపోతాడు. ఇంట్లో తమ్ముడూ అమ్మా ఒంటరైపోయారన్న బెంగ పెద్దకొడుకును లాగుతుంది. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతర, ఊళ్లో కొన్నేళ్లకోసారి వచ్చే అమ్మవారి సంబరాలు మరో పిలుపు. ఊరంతా ఒకచోట చేరే రోజున తాను మాత్రం స్టడీ అవర్‌లో కూర్చోవడం పన్నెండేళ్ల పిల్లకు అన్యాయంగానే తోస్తుంది. దసరా, సంక్రాంతి సెలవుల తర్వాతి వారం ఇంకో గండం. ఇంటి అన్నం తిని వచ్చిన పిల్లలు మళ్లీ జూన్ నాటి స్థితికి వెళ్తారు.

ఈ తేదీలన్నీ ముందే తెలిసినవి. ముందే తెలిసిన రోజుకు ముందే ఏర్పాటు చెయ్యవచ్చు. సంబరాల నాడు రెండు రోజుల సెలవు రాసిచ్చి, తీసుకెళ్లే బంధువు సంతకం తీసుకుంటే సరిపోతుంది. ఆ సెలవు ఇవ్వని హాస్టల్ నుంచి పిల్లలు ఎలాగూ వెళ్తారు, కాకపోతే పెద్దల తోడు లేకుండా, రాత్రిపూట, హైవే పక్కన నడుచుకుంటూ వెళ్తారు.

ఉన్నచోట తరిమేది

దెబ్బలు మొదటి కారణం. వార్డెన్ కొట్టడం ఒకటైతే, పెద్ద తరగతుల పిల్లలు చిన్నవాళ్లతో బట్టలు ఉతికించుకోవడం, పెట్టెలోని తినుబండారాలు లాక్కోవడం, కొట్టడం ఇంకొకటి. రెండోది పెద్దల కంట పడదు. సంరక్షణ సంస్థల్లో పిల్లల్ని క్రమశిక్షణ పేరుతో కొడితే జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే మూడు నెలల దాకా జైలు. లైంగిక హింస జరిగినట్టు తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పితీరాలని 2012 పోక్సో చట్టం అంటోంది. చెప్పకపోవడం కూడా నేరమే.

పెద్దలు చిన్నవనుకునే కారణాలు పిల్లల్ని ఇంతకంటే తరచుగా తరుముతాయి. పక్క తడిపే అలవాటున్న పిల్లవాణ్ణి తెల్లారి అందరి ముందూ నిలబెడితే ఆ రోజు సాయంత్రమే అతను దారి వెతుక్కుంటాడు. నెలసరి వచ్చిన పిల్లకు మార్చుకునే చోటు, నీళ్లు, చెప్పుకునే ఆడమనిషి లేకపోతే ఆమె ఇంటిదారి పడుతుంది. రోజూ చేపతో తిన్న పిల్లకు చప్పటి సాంబారు నాలుగు రోజులు సాగితే ఇల్లు గుర్తొస్తుంది. లెక్కలు రాక తరగతిలో వెనకబడ్డవాడు పరీక్షల ముందు మాయమవుతాడు.

భాష ఇక్కడ ప్రత్యేకమైన కారణం. ఇచ్ఛాపురం, మందస, సోంపేట వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. మందస కొండ ఊళ్లలో సవర మాట్లాడతారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పూనుకుని వందేళ్లు దాటింది. ఇప్పటికీ ఆరేళ్ల సవర పిల్ల తెలుగు హాస్టల్‌లో ‘కడుపు నొప్పి’ అని చెప్పలేక మూలన కూర్చునే పరిస్థితి వస్తుంది. తన మాట తెలిసిన ఆయా ఒక్కరుంటే ఆ పిల్ల నిలుస్తుంది.

తోబుట్టువుల ఎడబాటు మరో బలమైన కారణం. ఆడపిల్లల హాస్టళ్లు వేరు, మగపిల్లలవి వేరు. శిశుగృహంలో ఉండే వయసు వేరు. తండ్రి పోయిన ఏడాదే అక్క ఒక ఊళ్లో, తమ్ముడు ఇంకో ఊళ్లో చేరతారు. మిగిలిన కుటుంబం ముక్కలు కావడమే అది. ‘అప్పని చూసొత్తాను’ అని వెళ్లే తమ్ముణ్ణి పారిపోయినవాడిగా రాయడం కంటే, నెలకోసారి ఇద్దరినీ కలిపే ఏర్పాటు చెయ్యడం సులువు.

దారిలో

ఉద్దానం నుంచి బయటికి దారులు కొన్నే. 16వ నంబరు జాతీయ రహదారి ఒకటి, హౌరా–చెన్నై రైలు మార్గం ఇంకొకటి. ఇచ్ఛాపురం, సోంపేట, మందస రోడ్, పలాస, నౌపడ వరసగా వచ్చే స్టేషన్లు. నౌపడ నుంచి టెక్కలి, పర్లాకిమిడి మీదుగా గుణుపూర్‌కు శాఖా మార్గం ఉంది. పలాసలో దూరపు రైళ్లు ఆగుతాయి. ఇంటికి వెళ్లే పిల్లవాడు బస్సో ఆటోనో ఎక్కుతాడు. పలాస ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా కనిపించే పిల్లవాడు చాలామటుకు ఇల్లు దాటి ఆలోచిస్తున్నవాడు. విశాఖ, విజయవాడ, చెన్నై అతని మనసులో ఉండవచ్చు. విజయవాడలో 1989లో నవజీవన్ బాలభవన్ పుట్టింది ఇలా రైళ్లు దిగిన పిల్లల కోసమే.

ఒంటరి పిల్లవాడికి మొదటి రాత్రే ప్రమాదం. ఆకలి, నిద్ర, డబ్బు అనే మూడు అవసరాలూ ఒకేసారి ముందుకొస్తాయి. ఆ మూడూ తీరుస్తానని పలకరించే మొదటి మనిషి ఎవరన్నదాని మీద మిగతా కథ ఆధారపడుతుంది. అతను రైల్వే పోలీసైతే ఒక దారి, హోటల్ పనికి కుర్రాళ్లను వెతికేవాడైతే ఇంకో దారి. రైల్వే రక్షక దళం ‘నన్హే ఫరిష్తే’ పేరుతో 2018 నుంచి 2024 మే వరకు దేశవ్యాప్తంగా స్టేషన్లలో, రైళ్లలో 84 వేలకు పైగా పిల్లల్ని కాపాడింది.

ఆడపిల్లల విషయంలో జాగ్రత్త మరింత అవసరం. 2022లో దేశంలో తప్పిపోయినట్టు నమోదైన 83,350 మంది పిల్లల్లో 62,946 మంది బాలికలేనని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క చెబుతోంది. ‘ఎవరితోనో పోయింది’ అనే మాటతో ఇంటివాళ్లు, హాస్టల్‌వాళ్లు పోలీసు స్టేషన్‌కు వెళ్లడం ఆలస్యం చేస్తారు. తీసుకెళ్లినవాడికి కలిసొచ్చేది ఆ ఆలస్యమే.

చట్టం ఏం చెబుతుంది?

2015 జువెనైల్ జస్టిస్ చట్టం తప్పిపోయిన, పారిపోయిన పిల్లల్ని ‘సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లలు’గా గుర్తించింది. అంటే పారిపోవడం నేరం కాదు. ఆ పిల్లవాడు నిందితుడు కాడు. అతన్ని లాకప్‌లో ఉంచకూడదు. దొరికిన 24 గంటల్లో, ప్రయాణ సమయం పోను, బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకురావాలి. కమిటీలో ఒక ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులుంటారు. వాళ్లలో కనీసం ఒకరు మహిళ కావాలి. సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తి కావాలి, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో రావాలి.

ఇచ్ఛాపురం నుంచి జిల్లా కేంద్రం శ్రీకాకుళం సుమారు 130 కిలోమీటర్లు. దొరికిన పిల్లవాణ్ణి అక్కడిదాకా తీసుకెళ్లడం ఎందుకని నేరుగా హాస్టల్‌కో, ఇంటికో అప్పగించేయాలని పోలీసులకు, పెద్దలకు అనిపించడం సహజం. అలా అప్పగిస్తే అతను ఎందుకు వెళ్లాడని అడిగేవాళ్లుండరు. కొట్టినవాడి చేతికే తిరిగి అప్పగించే ప్రమాదమూ ఉంది.

ఒంటరిగా, దిక్కులేనట్టు కనిపించిన పిల్లల గురించి 24 గంటల్లో చైల్డ్‌లైన్‌కో, పోలీసులకో, సంక్షేమ కమిటీకో చెప్పడం వాళ్లను చేరదీసినవారి బాధ్యత. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా. బస్సు కండక్టరుకు, లాడ్జి యజమానికి, టీ కొట్టువాడికి, జీడి బట్టీ నడిపేవారికి ఇది సమానంగా వర్తిస్తుంది. 1996లో ముంబయిలో మొదలైన చైల్డ్‌లైన్ 1098 నంబరు 2023 నుంచి ప్రభుత్వం నేరుగా నడిపే సేవగా మారింది. దాన్ని 112 అత్యవసర నంబరుతో కలిపారు. పిల్లలు తప్పిపోయారని ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చెయ్యాల్సిందేనని సుప్రీంకోర్టు 2013 మే 10న తీర్పిచ్చింది. నాలుగు నెలల్లో జాడ దొరక్కపోతే కేసు మనుషుల అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్తుంది.

కాబట్టి హాస్టల్‌లో సాయంత్రం హాజరులో ఒక తల తగ్గితే చెయ్యాల్సిన పనులు వరసగా ఉన్నాయి. గదిలో, తోటలో వెతికిన వెంటనే ఇంటికి ఫోన్ చెయ్యాలి. అక్కడికి చేరలేదంటే పోలీసులకు ఫొటో, వేసుకున్న బట్టల వివరం, స్నేహితుల పేర్లు ఇవ్వాలి. పెట్టెలో బట్టలున్నాయా, డబ్బులున్నాయా చూడాలి. పక్కమంచం పిల్లను బెదిరించకుండా అడగాలి. ఎటు వెళ్లిందో ఆ పిల్లకు చాలామటుకు తెలిసే ఉంటుంది. పరువు పోతుందని రేపటిదాకా ఆగడం అన్నిటికంటే పెద్ద తప్పు.

ఇంగ్లండ్‌లోని డర్హమ్ పోలీసులు దీనికి ముందుచూపు జోడించారు. ‘ఫిలోమినా ప్రోటోకాల్’ పేరుతో బాలల గృహాలు ప్రతి పిల్లకు సంబంధించిన వివరాలు ముందే రాసి ఉంచుతాయి. ఫొటో, స్నేహితులు, వెళ్లే అలవాటున్న చోట్లు, వాడే మందులు అందులో ఉంటాయి. పిల్ల కనిపించని రాత్రి ఆ కాగితం పోలీసుల చేతిలో పెడితే వెతుకులాట మొదటి గంటలోనే సరైన దిక్కుకు తిరుగుతుంది. మండలంలోని ఏ హాస్టల్ అయినా ఈ కాగితాన్ని ఖర్చు లేకుండా తయారు చేసుకోవచ్చు.

తిరిగి వచ్చిన రోజు

పిల్లవాడు మళ్లీ వెళ్తాడా లేదా అన్నది తిరిగొచ్చిన రోజు పెద్దలు ప్రవర్తించే తీరును బట్టి ఉంటుంది. మొదటి ప్రశ్న ‘ఏటైనాది బాబూ, తిన్నావా?’ కావాలి. స్నానం, అన్నం, నిద్ర, ఒంటి మీద గాయాలుంటే వైద్యం ముందు. ప్రార్థన సమయంలో అందరి ముందూ నిలబెట్టడం, జుట్టు కత్తిరించడం, టీసీ ఇచ్చి పంపేస్తామని బెదిరించడం వల్ల ఒకటే జరుగుతుంది. తర్వాతిసారి ఇంకా దూరం వెళ్తాడు.

ఆ తర్వాత మాట. ఇంగ్లండ్‌లో 2014 నాటి ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం, తప్పిపోయి తిరిగొచ్చిన పిల్లలతో 72 గంటల్లో మాట్లాడాలి. మాట్లాడే మనిషి ఆ గృహానికి సంబంధం లేనివారై ఉండాలి. వార్డెన్ మీద ఫిర్యాదున్న పిల్ల వార్డెన్‌తోనే చెప్పుకోలేదు కదా. ఇక్కడ ఆ పని జిల్లా బాలల పరిరక్షణ విభాగం సామాజిక కార్యకర్తో, కౌన్సెలరో చెయ్యవచ్చు. అడగాల్సినవి నాలుగే: ఎక్కడికి వెళ్లాలనుకున్నావు, అక్కడ ఎవరున్నారు, దారిలో ఎవరు కలిశారు, ఇక్కడ ఏం మారితే ఉంటావు. నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబులు పెద్దలు భయపడినంత కష్టమైనవేమీ కావు. పడక మార్చడం, వారానికోసారి ఫోను, ఫలానా అన్నతో ఒకే గదిలో ఉంచకపోవడం లాంటివే ఎక్కువ.

అమెరికాలోని ఫ్లోరిడాలో హ్యూయిట్ క్లార్క్, సహచరులు సరిగ్గా ఈ పద్ధతినే పరీక్షించి 2008లో ప్రచురించారు. మాటిమాటికీ వెళ్లిపోయే కౌమార వయసు పిల్లలను కారణం అడిగి, ఆ కారణానికి తగ్గట్టు ఉండే చోటును, ఏర్పాట్లను మార్చారు. వెళ్లిపోవడం తగ్గింది. 2014లో అమెరికా చట్టమే చేసింది. సంరక్షణ నుంచి వెళ్లి దొరికిన ప్రతి పిల్ల విషయంలో అసలు కారణమేంటో కనుక్కుని, ఆ తర్వాతి ఏర్పాటులో దాన్ని పరిగణనలోకి తీసుకోవాలని ఆ చట్టం చెబుతోంది.

మన జువెనైల్ జస్టిస్ నియమాల్లోనూ ఇందుకు సాధనం ఉంది. అది ఫారం 7, వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక. సంరక్షణ గృహంలో ప్రతి పిల్లకు దీన్ని నింపాలి. ఆరోగ్యం, చదువు, ఆటలు, అనుబంధాలు, సొంతంగా బతికే నైపుణ్యాలు అని అందులో గడులుంటాయి. అన్నిటికంటే ముందున్న గడి, సంరక్షణ నుంచి పిల్ల ఏం ఆశిస్తోంది అన్నది. చాలాచోట్ల కాగితాలు నింపే తొందరలో ‘బాగా చదువుకోవడం’ అని ఒకే మాట అందరికీ రాసేస్తారు. ‘నెలకోసారి నాన్నని డయాలసిస్ దగ్గర చూడాలి’ అని పిల్ల చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తే, ఆ పిల్ల ఎప్పుడైనా కనిపించకుండా పోతే ఎటు వెతకాలో కూడా ఆ గడే చెబుతుంది.

నిలిపే ఏర్పాట్లు

ఇంటితో మాట మొదటిది. ఆదివారం సాయంత్రం మాత్రమే ఫోన్ అనే నియమం పైకి సమానంగా కనిపిస్తుంది. వేట బోటు రోజుల తరబడి సముద్రంలో ఉంటే తండ్రి ఫోన్ మోగదు, రేవుకు తిరిగొచ్చిన రోజున మోగుతుంది. డయాలసిస్ రోజున అమ్మ ఫోన్ ఎత్తదు. జీడిపిక్కల పనిలో ఉన్న తల్లికి పొద్దుపోయాకే తీరిక. ఇంటి వేళను బట్టి ఫోన్ వేళ పెడితే బెంగ చాలావరకు తగ్గుతుంది.

సెలవు రెండోది. బంధువుల పెళ్లి, దగ్గరివాళ్ల మరణం, తల్లిదండ్రుల తీవ్ర అనారోగ్యం, పరీక్షలు వంటి సందర్భాల్లో సంరక్షణ గృహంలోని పిల్లలకు ఒక్కోసారి ఏడు రోజుల దాకా సెలవు ఇవ్వడానికి జువెనైల్ జస్టిస్ చట్టం వీలు కల్పించింది. ప్రయాణ కాలం ఇందులో కలవదు. కిడ్నీ జబ్బున్న ఇళ్ల పిల్లలకు ఈ ఒక్క అవకాశం సక్రమంగా వాడినా గోడ దాటే అవసరం చాలామందికి రాదు.

పిల్లల మాట మూడోది. ఆరేళ్లు దాటిన పిల్లలున్న ప్రతి సంరక్షణ సంస్థలో బాలల కమిటీ ఉండాలని చట్టం చెబుతోంది. కమిటీలో మాట్లాడేది ఎప్పుడూ తరగతి లీడర్లే అయితే ప్రయోజనం లేదు. చిన్న తరగతుల నుంచి, ఒడియా, సవర మాట్లాడే పిల్లల నుంచి కూడా ఒక్కొక్కరు ఉండాలి. తనిఖీ కమిటీ మూడు నెలలకోసారైనా రావాలి. ఆ కమిటీ వంటగది, రిజిస్టర్లు చూడటంతో పాటు గత మూడు నెలల్లో ఎంతమంది వెళ్లారు, ఎందుకు వెళ్లారు, ఆ కారణం విషయంలో ఏం చేశారు అని అడగాలి. ఒకే గది నుంచి, ఒకే తరగతి నుంచి పదేపదే పిల్లలు వెళ్తుంటే లోపం పిల్లల్లో లేదని తెలుస్తుంది.

ఇంటి దగ్గరే ఆసరా

పిల్లల్ని సంస్థలో ఉంచడం చివరి మార్గమే కావాలన్నది జువెనైల్ జస్టిస్ చట్టంలోని మూల సూత్రాల్లో ఒకటి. డబ్బు లేదన్న ఒక్క కారణంతో పిల్లను ఇంటి నుంచి తీసే ముందు డబ్బు ఇచ్చే దారి చూడాలి. స్పాన్సర్‌షిప్ ఏర్పాటు ఉన్నది అందుకే. తల్లి వితంతువైనా, భర్త వదిలేసినా, అనాథ పిల్లలు బంధువుల ఇంట్లో ఉన్నా, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధి పాలైనా, ప్రమాదంలో పని చెయ్యలేని స్థితికి చేరినా పిల్లలకు ఇది వర్తిస్తుంది. ఉద్దానంలోని కిడ్నీ కుటుంబాలకు, వేటలోనో కట్టడం పనిలోనో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లకు అచ్చంగా సరిపోయే జాబితా ఇది. మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ వార్షిక ఆదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు మించకూడదు.

ఆ డబ్బుతో అమ్మమ్మ దగ్గర ఇద్దరు పిల్లలు ఉండగలిగితే హాస్టల్ దరఖాస్తు అవసరమే రాదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి చేరాలి. ఆధార్, మరణ ధ్రువీకరణ, ఆదాయ పత్రం, బ్యాంకు ఖాతా సిద్ధం చెయ్యడం చదువురాని అమ్మమ్మకు కొండెక్కినంత పని. గ్రామ సచివాలయం, అంగన్‌వాడీ కార్యకర్త, డయాలసిస్ కేంద్రం సిబ్బంది ఈ కుటుంబాలను ముందే ఎరుగుదురు. రోగి పేరు రిజిస్టర్‌లో రాసే రోజునే ఇంట్లో పిల్లలెందరు, ఎవరు చూసుకుంటున్నారు అని అడిగితే సాయం పిల్ల ఇల్లు వదిలే ముందే అందుతుంది. చూసుకునే బంధువులు లేనిచోట ఇంకో కుటుంబంలో పెంచే పోషక సంరక్షణకు చట్టంలో దారి ఉంది.

ఇంటికి పంపాక, పద్దెనిమిది నిండాక

పిల్లల్ని తిరిగి కుటుంబానికి చేర్చడమే బాలల గృహం ప్రధాన లక్ష్యమని చట్టం అంటోంది. చేర్చడం ఒక రోజులో జరిగే పని కాదు. ఇంటికి వెళ్లిన పిల్ల బడిలో చేరిందా, తాగుబోతు సవతి తండ్రి ఉన్న ఇంట్లో క్షేమంగా ఉందా, స్పాన్సర్‌షిప్ డబ్బు ఖాతాలో పడుతోందా అని మొదటి నెలల్లో ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. అలా చూడనిచోట ఇంటి నుంచి వెళ్లిపోయే పిల్లలు మళ్లీ ప్లాట్‌ఫారం మీద కనిపిస్తారు.

సంరక్షణ గృహంలోనే పెరిగినవాళ్లకు పద్దెనిమిదేళ్లు నిండే రోజు దగ్గరపడుతున్న కొద్దీ భయం పెరుగుతుంది. బయటికి పంపేలోగా తామే వెళ్లిపోదామనుకునేవాళ్లు పదహారు పదిహేడేళ్ల వయసులో కనిపిస్తారు. పద్దెనిమిది తర్వాత 21 ఏళ్ల దాకా, అవసరాన్ని బట్టి 23 ఏళ్ల దాకా అనుసంరక్షణ కింద ఆర్థిక సాయం, శిక్షణ అందించే వీలుంది. మిషన్ వాత్సల్యలో దీనికీ నెలకు 4,000 రూపాయల లెక్కే. ఈ సంగతి పిల్లలకు పదహారో ఏటనే చెప్పాలి. ఆధార్, కుల ధ్రువీకరణ, మార్కుల జాబితాలు, బ్యాంకు పాస్‌బుక్ వాళ్ల పేరు మీద సిద్ధం కావాలి. ఐటీఐలోనో, పాలిటెక్నిక్‌లోనో, నర్సింగ్‌లోనో సీటు, ఉండటానికి చోటు, కష్టమొస్తే ఫోన్ చెయ్యడానికి ఒక మనిషి పేరు ఖరారు కావాలి. ఇవి లిఖితపూర్వకంగా చేతికొచ్చిన తర్వాతే సంరక్షణ బాధ్యత తీరినట్టు లెక్క.